ఏలూరు పెట్టెలు, ఖమ్మం ఫోన్లు

ఏలూరు నగరపాలక సంస్థకి పోలింగ్ జరిగింది 2021 మార్చి 10న. ఆ ఓట్లు లెక్కపెట్టింది జూలై 25న. మధ్యలో 137 రోజులు. అదే రోజు ఓట్లేసిన విజయవాడ, విశాఖపట్నం వాళ్ళకి నాలుగో రోజుకల్లా ఫలితం తెలిసిపోయింది. ఏలూరు జనం వేసిన బ్యాలెట్ కాగితాలు మాత్రం ఆ వేసవంతా, కరోనా రెండో వేవ్ అంతా, సీలు వేసిన పెట్టెల్లోనే ఉండిపోయాయి.

గొడవంతా ఓటర్ల జాబితా దగ్గర మొదలైంది. శనివారపుపేట, సత్రంపాడు, తంగెళ్ళమూడి లాంటి చుట్టుపక్కల పంచాయతీల్ని నగరంలో కలిపారు. డివిజన్ల హద్దులు మారాయి. జాబితాల తయారీలో లోపాలున్నాయని కొందరు హైకోర్టుకి వెళ్ళారు. పోలింగ్‌కి రెండు రోజుల ముందు సింగిల్ జడ్జి ఎన్నిక ఆపమన్నారు. మర్నాడు డివిజన్ బెంచి, పోలింగ్ జరుపుకోండి, లెక్కింపు మాత్రం ఇప్పుడే వద్దంది. లెక్కపెట్టుకోవచ్చని మే నెలలో తీర్పు వచ్చింది.

అదే ఏడాది అక్టోబర్‌లో, చింతలపూడి దాటాక వచ్చే పొరుగు జిల్లా ఖమ్మంలో ఇంకో ప్రయోగం జరిగింది. తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం, ఐటీ శాఖ, సీ-డాక్ కలిసి ఒక ఆండ్రాయిడ్ యాప్ తయారుచేశాయి. అక్టోబర్ 8 నుంచి 18 వరకూ రిజిస్ట్రేషన్, 20న ఫోన్లోనే ఓటు. అసలు ఎన్నికేమీ కాదు, డమ్మీ ఓటింగ్. ఆధార్‌తో పేరు సరిచూడటం, కెమెరా ముందున్నది బతికున్న మనిషేనా అని చూడటం, ఓటరు కార్డు మీదున్న పాత ఫోటోతో మొహం పోల్చడం – ఈ మూడూ దాటితే ఓటు. ఆ ఓటుని గుప్తంగా మార్చి బ్లాక్‌చెయిన్‌లో దాస్తారు. ఈ సదుపాయం ముందుగా ఎవరికి ఇవ్వాలనుకున్నారో చెప్పిన జాబితాలో వికలాంగులు, వృద్ధులు, జబ్బుపడ్డవాళ్ళు, పోలింగ్ సిబ్బందితో పాటు ఐటీ ఉద్యోగులు కూడా ఉన్నారు! నేనూ ఆ ఉద్యోగస్తుల్లో ఒకణ్ణే. వీల్‌చెయిర్‌లో ఉన్న మనిషి తర్వాత అంత జాలి మా మీదే ఎందుకు కలిగిందో నాకిప్పటికీ అర్థం కాదు.

ఒకే ఏడాది, పక్కపక్క జిల్లాలు. ఒకచోట 137 రోజులు ఆగిన పెట్టెలు, ఇంకోచోట ఒక్క రోజులో ముగిసిన యాప్. రెంటినీ పక్కన పెట్టి చూస్తే, ఫోన్లో ఓటు వస్తే ఈ తిప్పలన్నీ పోతాయి కదా అనిపించడం సహజం. అంతటితో ఆగకుండా, ఐదేళ్ళకోసారి ఎందుకు, ప్రతి పెద్ద నిర్ణయం మీదా జనం ఓటేయొచ్చు కదా అనేవాళ్ళూ ఉన్నారు. ఆ ఆశని తేలిగ్గా కొట్టిపారేయడం నా ఉద్దేశం కాదు. కానీ ఏలూరు, కొల్లేరు, తాడేపల్లిగూడెం చరిత్ర చూస్తే, జనం మాట చెల్లకుండా పోయిన ప్రతిసారీ అది పోయింది ఓటు వేసే మెట్టు దగ్గర కాదు, అంతకు ముందున్న మెట్ల దగ్గర. ఈ వ్యాసం ఆ మెట్ల గురించి.

అర్జీ దగ్గరైంది, ఓటు?

ఏలూరు 1866 నుంచీ మునిసిపాలిటీ. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఆస్తో, పన్నో చూపించగలిగిన కొద్దిమందికే ఓటు. 1951-52 నుంచి పెద్దవాళ్ళందరికీ వచ్చింది. ఆ తర్వాతి చరిత్రని మనం సాధారణంగా 'పాలన ప్రజలకి దగ్గరవడం' అనే ఒకే గీతగా చెప్పుకుంటాం. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం తాలూకాలు, సమితులు తీసేసి మండలాలు పెట్టింది. 1997 జనవరిలో జన్మభూమి మొదలైంది. 2019 అక్టోబర్‌లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చాయి. ఆఫీసు మెల్లమెల్లగా మన వీధి చివరికి వచ్చేసింది.

ఈ గీతలో పశ్చిమ గోదావరికి ఒక ప్రత్యేకమైన చోటుంది. 2002లో, ఏలూరు కేంద్రంగా 46 మండలాల ఉమ్మడి జిల్లా ఉన్నప్పుడు, సంజయ్ జాజు కలెక్టర్‌గా పల్లెల కోసం ఈ-సేవ కేంద్రాలు పెట్టారు. హైదరాబాదులో కరెంటు బిల్లులు కట్టించుకునే ఈ-సేవ అప్పటికే ఉంది. ఇక్కడ కొత్తదనం ఏంటంటే, మండలాల్లో ఆ కేంద్రాల్ని నడిపింది డ్వాక్రా మహిళలు. కంప్యూటర్‌ని అప్పుడే చూసిన ఆడవాళ్ళు సర్టిఫికెట్లకీ, భూమి కాగితాలకీ, ఫిర్యాదులకీ జిల్లా పోర్టల్‌లో అర్జీలు ఎక్కించారు. స్మార్ట్‌ఫోన్ పుట్టకముందు, ఫోన్ లైను దొరకడమే గగనమైన రోజుల్లో జరిగిన పని ఇది. ఆన్‌లైన్ పాలన అనగానే బెంగళూరు, హైదరాబాదు గుర్తొచ్చే మనం ఈ కేంద్రాల్ని ఎప్పుడూ తల్చుకోం.

ఐతే గమనించండి, ఇవన్నీ అర్జీ మార్గాలు. డయల్ యువర్ సీఎం నుంచి స్పందన దాకా, ఏ ప్రభుత్వం వచ్చినా పేరు మారింది గానీ పద్ధతి మారలేదు. నువ్వు అడుగుతావు, నీకో నంబరు ఇస్తారు, అవునో కాదో వాళ్ళు చెప్తారు. అర్జీకి జవాబివ్వడం ప్రభుత్వం దయ. ఓటుకి లోబడటం దాని బాధ్యత. ఈ రెండూ స్క్రీన్ మీద ఒకేలా కనిపిస్తాయి, రెండింటికీ ఒక బటన్. కాబట్టే తేడా మర్చిపోతాం.

ఓటు వైపు చరిత్ర ఇంత సూటిగా నడవలేదు. 1987లో మండలాధ్యక్షుల్ని, జిల్లా పరిషత్ అధ్యక్షుల్ని జనమే నేరుగా ఎన్నుకున్నారు. 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చాక ఆ హక్కు పోయింది. జనం ఎంపీటీసీని, జడ్పీటీసీని ఎన్నుకుంటే, వాళ్ళు అధ్యక్షుల్ని ఎన్నుకుంటారు. మండలాధ్యక్షుడి ఎన్నిక రోజు సభ్యుల్ని బస్సులెక్కించి క్యాంపులకి తీసుకెళ్ళే సంస్కృతి ఈ పద్ధతితోనే పెరిగింది. అదే బ్యాలెట్ కాగితం, అదే పెట్టె. అంటే టెక్నాలజీ ఏమీ మారకుండానే మన ఓటు విలువ తగ్గింది. అర్జీ ఆన్‌లైన్ అవుతున్న కాలంలోనే ఓటుకి దేన్ని తేల్చే శక్తి ఉందనేది కుదించుకుపోయింది.

బ్యాంకుకి లేని ఇబ్బంది

"కోట్ల రూపాయలు ఫోన్లో పంపిస్తున్నాం, ఒక్క ఓటు పంపలేమా?" ఈ ప్రశ్న వినని ఐటీ వాడు ఉండడు.

పంపలేకపోవడానికి కారణం సర్వర్ల బలం తక్కువై కాదు. బ్యాంకు మనకి రసీదు ఇస్తుంది. ఎవరు ఎవరికి ఎంత పంపారో రెండువైపులా రాసి ఉంటుంది. తప్పు జరిగితే నెల తర్వాతైనా వెనక్కి వెళ్ళి సరిచేయొచ్చు. ఓటులో అలాంటి రసీదు ఉండకూడదు. నేను ఎవరికి వేశానో నేను కూడా ఇంకొకరికి రుజువు చేయలేని స్థితిలో ఉండాలి. రుజువు చేయగలిగిన రోజున ఓటు అమ్ముడుపోతుంది, లేదా బెదిరింపుకి లొంగుతుంది. రసీదు లేకుండా లెక్క సరిగ్గా ఉందని అందరికీ నమ్మకం కలిగించడం – సాఫ్ట్‌వేర్‌లో ఇంతకంటే కష్టమైన కోరికలు తక్కువ.

మన దేశంలో ఓటింగ్ యంత్రం కథంతా ఈ నమ్మకం కథే. యంత్రాలు తయారుచేసిన రెండు సంస్థల్లో ఒకటి హైదరాబాదు ఈసీఐఎల్. 1982లో కేరళలోని పరవూరులో మొదటిసారి 50 బూతుల్లో వాడితే, చట్టంలో యంత్రం అన్న మాటే లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ పోలింగ్‌ని కొట్టేసింది. చట్టం మార్చాక యంత్రం తిరిగొచ్చింది. 2010లో హైదరాబాదు ఇంజనీరు హరిప్రసాద్, అమెరికన్, డచ్చి పరిశోధకులతో కలిసి ఈవీఎంలో ఓట్లు ఎలా మార్చవచ్చో చేసి చూపించారు. ఆ యంత్రం మీ చేతికి ఎలా వచ్చింది, ఎవరిచ్చారు అంటూ ఆ ఆగస్టులో ఆయన్ని అరెస్టు చేశారు. 2013లో వీవీప్యాట్ వచ్చింది, అంటే కాగితం మళ్ళీ వెనక్కి వచ్చింది. ఒక్కో అసెంబ్లీ నియోజకవర్గంలో ఐదు యంత్రాల చీటీలు లెక్కపెట్టాలని 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం, చంద్రబాబు నాయుడు మొదలైన ప్రతిపక్ష నాయకుల పిటిషన్ మీద వచ్చిందే. బూతులో కళ్ళెదురుగా ఉన్న, ఏ నెట్‌వర్క్‌కీ తగిలించని యంత్రం మీదే ఇన్నేళ్ళ వాదన నడిచింది.

జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009 మార్చిలో ఈ విషయాన్ని తేల్చేసింది: ఎన్నికలోని ముఖ్యమైన మెట్లన్నింటినీ ప్రత్యేక పరిజ్ఞానం లేని మామూలు పౌరుడు కూడా సరిచూసుకోగలగాలి. ఏలూరు 137 రోజుల్ని ఈ కొలతతో చూడండి. అన్ని రోజులు ఆగిన కాగితం ఓటుని నమ్మడానికి ఏం కావాలి? తలుపుకి సీలు, ఆ సీలు మీద ఏజెంట్ల సంతకాలు, కాపలా. ఐదో తరగతి చదివిన ఏజెంటు కూడా సీలు పగిలిందో లేదో చెప్పగలడు. అదే ఓట్లు ఒక సర్వర్‌లో నాలుగున్నర నెలలు ఆగి ఉంటే? లాగ్‌లు ఎవరు చూడాలి, తాళం ఎవరి దగ్గరుంది, ఆ నాలుగు నెలల్లో ఏ అప్‌డేట్లు ఎక్కాయి – ఇవన్నీ నాలాంటి వాళ్ళు మాత్రమే మాట్లాడుకునే మాటలు. బ్లాక్‌చెయిన్ అనే మాట ఇక్కడ పెద్దగా ఆదుకోదు. లోపలికి వెళ్ళిన ఓటుని మార్చకుండా అది కాపాడగలదు గానీ, ఫోన్లో నేను నొక్కిందే లోపలికి వెళ్ళిందని చెప్పలేదు.

ఎస్టోనియా చేస్తోంది కదా అంటారు. నిజమే. 2005 నుంచి చేస్తోంది. 2023 పార్లమెంటు ఎన్నికల్లో సగానికి పైగా ఓట్లు ఆన్‌లైన్‌లోనే పడ్డాయి. మన దగ్గర కూడా గుజరాత్ 2010లోనే స్థానిక ఎన్నికల్లో ప్రయత్నించింది. బీహార్‌లో 2025 జూన్ 28న మునిసిపల్ ఎన్నికల్లో కొందరు నిజంగానే మొబైల్ నుంచి ఓటేశారు. ఎస్టోనియా పద్ధతిలో నాకు బాగా నచ్చిన విషయం వేరే ఉంది. అక్కడ గడువులోగా ఎన్నిసార్లైనా ఓటు మార్చుకోవచ్చు, ఆఖరుదే లెక్క. బూతుకి వెళ్ళి కాగితం మీద వేస్తే ఆన్‌లైన్ ఓటు రద్దవుతుంది. అంటే ఇంట్లో ఎవరో పక్కన కూర్చుని వేయిస్తారన్న భయం వాళ్ళకీ ఉంది. తప్పించుకునే దారి ఒకటి పెట్టుకున్నారంతే.

అట్టపెట్టె చాటు

ఆ దారి మన దగ్గర పనిచేస్తుందా? కొల్లేటి లంక గ్రామాల్లో 'కట్టుబాటు' అన్న మాటకి చాలా బరువుంది. ఊరి చెరువు లీజు దగ్గర్నుంచి ఇంటి తగాదా వరకూ పెద్దలు కూర్చుని తేల్చడం, తేల్చింది కాదంటే వెలి వేయడం అక్కడ పాత సంగతి. కొల్లేరే ఎందుకు, 2021 పంచాయతీ ఎన్నికల్లో రాష్ట్ర ప్రభుత్వమే ఏకగ్రీవాలకి జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. పోటీ లేకపోవడాన్ని ఊరి ఐకమత్యం అని పిలవడం మనకి అలవాటైపోయింది. ఎవరు ఎవర్ని తప్పుకోమన్నారు, ఎంతకి తప్పుకున్నారు అనేది మాత్రం ఏ ఫారంలోనూ రాయరు.

ఇలాంటి చోట బూతులో అట్టముక్కలు నిలబెట్టి కట్టిన ఆ చిన్న మరుగు సామాన్యమైంది కాదు. ఏడాది మొత్తం మీద ఒక కూలి మనిషి, ఒక కోడలు, ఒక చెరువు కాపలావాడు – మొగుడు, మేస్త్రి, పెద్దలు ఎవరూ లేకుండా నిలబడే అర నిమిషం అది. నోటు తీసుకున్నా సరే, లోపల తనిష్టం వచ్చినట్టు వేసి బయటికి రావచ్చు. "ఇటు డబ్బు తీసుకున్నా, అటు వేశా" అని నవ్వుతూ చెప్పే ముసలమ్మలు మన ఊళ్ళలో అందరికీ తెలుసు.

ఓటు ఫోన్లోకి వచ్చాక ఆ అర నిమిషం ఎక్కడికి పోతుంది? చాలా ఇళ్ళలో ఫోన్ ఒకటే, అదీ మగవాడి జేబులో. ఓటీపీ వచ్చేది ఆ నంబరుకే. వెయ్యి రూపాయలు ఇచ్చినవాడు ఇప్పుడు నమ్మకం మీద ఆధారపడాల్సిన పనిలేదు, ఎదురుగా కూర్చుని నొక్కించుకుంటాడు. తర్వాత బూతుకి వెళ్ళి మార్చుకోవచ్చు కదా అంటే, బూతుకి వెళ్ళడమే తిరుగుబాటుగా కనిపించే ఊళ్ళో వెళ్ళేదెవరు? నడవలేని వాళ్ళకి, మంచం పట్టిన వాళ్ళకి ఇంటి నుంచి ఓటు అవసరమే. దానికి ఇంటికే బ్యాలెట్ పట్టుకొచ్చే పద్ధతి ఉంది, దాన్ని ఇంకా బాగు చేయొచ్చు. అందరికీ ఫోన్ ఓటు అంటే మాత్రం, సౌకర్యం దక్కేది నాలాంటి వాళ్ళకి, చాటు పోయేది వాళ్ళకి.

కొల్లేరు మీద ఓటింగ్ పెడితే

సరే, సెక్యూరిటీ సమస్యలన్నీ తీరిపోయాయనే అనుకుందాం. ప్రతి పెద్ద నిర్ణయం మీదా ఆన్‌లైన్ ఓటింగ్ పెట్టగలం. ఈ ప్రాంతంలో పాతికేళ్ళుగా నలుగుతున్న నిర్ణయం కొల్లేరు హద్దు. దాని మీదే పెట్టి చూద్దాం.

కృష్ణ, గోదావరి డెల్టాల మధ్య పళ్ళెం లాంటి పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్ళు తెచ్చి పోస్తాయి, ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకెళ్తుంది. సముద్ర మట్టం నుంచి ఎన్ని అడుగుల ఎత్తు వరకూ సరస్సు అనుకోవాలన్నదే కాంటూరు గొడవ. 1999 అక్టోబర్ 4న 120వ నంబరు జీవోతో ఐదో కాంటూరు వరకూ, అంటే 308 చదరపు కిలోమీటర్లు, అభయారణ్యం అన్నారు. 2002లో అది రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాకెక్కింది. కానీ 1970ల నుంచే అక్కడ మత్స్యకారుల సొసైటీల పేరుతో ప్రభుత్వమే చేపల చెరువులు తవ్వించింది. తర్వాత బయటి పెట్టుబడి లీజుల మీద దిగింది. 2005-06లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో వేల ఎకరాల చెరువుల గట్లు యంత్రాలతో, కొన్నిచోట్ల పేలుడు పదార్థాలతో తెగ్గొట్టారు.

ఇంతలో జనాన్ని అడిగారా? వన్యప్రాణి చట్టం ప్రకారం అడగాలి. 21వ సెక్షన్, చుట్టుపక్కల ఊళ్ళన్నిట్లో ప్రాంతీయ భాషలో ప్రకటన ఇచ్చి, హక్కులున్న వాళ్ళు రెండు నెలల్లో చెప్పుకోవాలని కలెక్టర్‌ని అడగమంటుంది. గమనించండి, ఇదీ అర్జీయే. తర్వాత జరిగింది ఇంకా ఆసక్తికరం. ఐదో కాంటూరుని మూడుకి తగ్గించాలని, అంటే 308 చదరపు కిలోమీటర్లని సుమారు 135కి కుదించాలని 2008లో రాష్ట్ర అసెంబ్లీ తీర్మానం చేసింది. పాత చట్టంలో అభయారణ్యం హద్దు మార్చాలంటే రాష్ట్ర శాసనసభ తీర్మానమే కావాలి. 2002 సవరణ ఆ అధికారాన్ని తీసేసి జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు ఉండాలంది. కాబట్టి 2008 నాటికి అసెంబ్లీ తీర్మానం కూడా ఒక పెద్ద అర్జీ. కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ కాంటూరు తగ్గించవద్దంది, లోపలున్న జిరాయితీ రైతులకి పరిహారం సంగతి చూడమంది. సంతకం పెట్టింది సర్పంచైనా శాసనసభైనా, అర్జీ అర్జీయే.

ఇప్పుడు మన యాప్ తెరుద్దాం. మొదటి ప్రశ్న: ఓటర్లెవరు? లంక గ్రామాల వాళ్ళా? కైకలూరు, మండవల్లి, ఆకివీడుల్లో లీజులున్న వాళ్ళా? కొల్లేరు పూడితే వరద నీరు వెనక్కి తన్నే ఏలూరు వాళ్ళా? బుడమేరులోకి మురుగు వదిలే విజయవాడ వాళ్ళా? లేక హైదరాబాదులో కూర్చుని ఆటపాక పెలికాన్ల ఫోటోలకి లైకులు కొట్టే నాబోటి వాళ్ళమా? ఓటర్ల జాబితా గీసినవాడే ఫలితాన్ని సగం గీసేస్తాడు. లంకల వరకే గీస్తే మూడో కాంటూరు గెలుస్తుంది, రాష్ట్రమంతా గీస్తే బహుశా ఐదో కాంటూరు గెలుస్తుంది.

రెండో ప్రశ్న: అడిగేదేంటి? 'మూడా, ఐదా' అని రెండు బటన్లు పెడితే, లంకల్లో చాలామందికి అసలు సమస్య వాటిలో ఉండదు. సొసైటీ చెరువు తన పేర, లాభం లీజుదారు పేర – దీన్నేం చేయాలి? చేపల చెరువులు కాకుండా ఇంకే బతుకుతెరువు ఉంది? మంచినీళ్ళు ఎక్కడివి? ఈ ప్రశ్నలు ఏ బ్యాలెట్ మీదా రాలేదు. వచ్చే యాప్‌లోనూ రావు, ప్రశ్న రాసే అధికారం జనానికి లేనంతవరకూ. బ్రెజిల్‌లోని పోర్తో అలెగ్రె నగరం 1989లో మొదలుపెట్టిన ప్రజా బడ్జెట్‌ని ఎందుకు గుర్తుపెట్టుకున్నామంటే, అక్కడ పేటల్లో జనం ముందు కూర్చుని ఏం కావాలో వాదించుకున్నారు, ఓటు ఆ తర్వాత. వాదించుకోవడం మానేసి ఓటొక్కటే తెచ్చుకుంటే మనకి దక్కేది సర్వే.

నిట్ ఉన్న ఊరు

తాడేపల్లిగూడెంలో 2015 నుంచి నిట్ ఉంది. క్రిప్టోగ్రఫీ పాఠాలు చెప్పగలిగే ఊరన్నమాట. ఆ ఊరి మునిసిపాలిటీ పాలకవర్గం గడువు 2019లో ముగిసింది. 2021 మార్చిలో రాష్ట్రమంతా మునిసిపల్ ఎన్నికలు జరిగినప్పుడు తాడేపల్లిగూడెం, భీమవరం, తణుకు, పాలకొల్లు ఆ జాబితాలో లేవు. గ్రామాల విలీనం మీద కోర్టు కేసులు కారణం. ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి ప్రత్యేకాధికారి పాలనే. ఉల్లిపాయల మార్కెట్‌తో చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ తెలిసిన ఊళ్ళో, డ్రైనేజీ గురించి నిలదీయడానికి ఒక వార్డు కౌన్సిలర్ లేడు. అర్జీ పెట్టుకోవడానికి మాత్రం యాప్ ఉంది.

యంత్రమూ, కాగితమూ, ఫోనూ ఏదీ తప్పు చేయలేదిక్కడ. ఎన్నిక తేదీయే రాలేదు. ఏలూరులో జాబితా తప్పింది, కొల్లేరులో ప్రశ్న తప్పింది, గూడెంలో తేదీ తప్పింది. ఈ మూడూ ఓటరు బూతు గుమ్మం ఎక్కకముందే జరిగిపోయేవి.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళుగా మనకి ఇక్కడ పని లేదని కాదు, బోలెడంత ఉంది. ఓటర్ల జాబితాలో ఏ పేరు ఎప్పుడు చేరింది, ఎప్పుడు తీసేశారు, ఎవరి సంతకంతో తీశారు అనేది, మార్పుల చరిత్రతో సహా, ఏ డివిజన్‌లోనైనా ఎవరైనా చూసుకునేలా చేయొచ్చు. మనం రోజూ కోడ్‌కి చేసే పనే అది. డివిజన్ల హద్దులు గీసే పటం మీద అభ్యంతరాలూ, వాటికిచ్చిన జవాబులూ బహిరంగంగా పెట్టొచ్చు. గ్రామసభ తీర్మానాల్ని, ఆ తర్వాత వాటికి ఏ గతి పట్టిందో దానితో సహా, వెతుక్కునే వీలుగా పెట్టొచ్చు. వీటిలో దేనికీ రహస్యం అక్కర్లేదు. పైగా ఇవన్నీ రహస్యం ఉండకూడని పనులు, కంప్యూటర్‌ బాగా చేసే పనులు. రహస్యం కావాల్సిన ఒక్క పనిని మాత్రం కాగితానికీ, అట్టముక్కల చాటుకీ వదిలేయొచ్చు.

ఐతే ఇలాంటి పోర్టల్ కట్టమని టెండరు పిలిచిన ప్రభుత్వం నాకు కనబడలేదు. ఫోన్ ఓటు యాప్‌లు మాత్రం ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి. 2002లో ఈ-సేవ కేంద్రంలో ఒక డ్వాక్రా మహిళ ఎదుటి రైతు అర్జీని పోర్టల్‌లో ఎక్కించి నంబరు రాసిచ్చినప్పుడు, ఆ రైతుకి తన కాగితం ఎవరి బల్ల మీదుందో అడిగే ఆధారం దొరికింది. ఓటు విషయంలో అంతకంటే చిన్నదైనా అలాంటి ఆధారం – నా పేరు జాబితాలో ఎందుకు లేదు, మా ఊరికి ఎన్నిక ఎందుకు రాలేదు, ఈ ప్రశ్న ఎవరు రాశారు అని నంబరుతో సహా అడిగే వీలు – ముందు దానిని కట్టమని అడగాలి. ఫోన్లో ఓటు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.